ఏడు అంగుళాలలో ఇమడని పాట

గ్రామఫోను యుగాన్ని చూచిన పాఠకులకు సినిమా పాటల ఇ.పి. రికార్డు గుర్తుండే ఉంటుంది. వ్యాసం 7 అంగుళాలు, వేగం నిమిషానికి 45 భ్రమణాలు. ఒక్కొక్క ప్రక్క రెండేసి పాటలు ఇరికించినప్పుడు ధ్వని కొంత సన్నగిల్లేది.

మాంచెస్టరుకు చెందిన న్యూ ఆర్డర్ అనే రాక్ బృందం 1983 మార్చిలో వెలువరించిన 'బ్లూ మండే' ఈ కొలతకు లొంగలేదు. పాట నిడివి దాదాపు ఏడున్నర నిమిషాలు. డ్రమ్ యంత్రపు మంద్రనాదమే దానికి ప్రాణం. మంద్రస్వరం బలపడినకొద్దీ రికార్డుపై గాడి ప్రక్కలకు ఎక్కువగా ఊగుతుంది. ప్రక్క గాడిని తాకకుండా ఎడం ఇస్తే స్థలం చాలదు; స్థలం పొదుపు చేస్తే ధ్వని తగ్గించక తప్పదు. పైగా అదే 45 వేగంతో, 7 అంగుళాల రికార్డు వెలుపలి అంచున సూది క్రింద గాడి సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు సాగితే, 12 అంగుళాల రికార్డులో 70 వరకు సాగుతుంది. నాదం విశాలంగా లిఖించబడుతుందన్నమాట. 1970ల నడుమ అమెరికా డిస్కో శాలలు 12 అంగుళాల సింగిల్‌ను ఆదరించినది ఇందుకే. బృందం పాటను కత్తిరించలేదు. బ్రిటనులో ఆ ఏడు 12 అంగుళాల రూపమొక్కటే విడుదలైనది.

ఇక అట్ట సంగతి. రూపకర్త పీటర్ సావిల్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ వద్ద చూచిన ఫ్లాపీ డిస్కును నమూనాగా తీసికొన్నారు. మన కార్యాలయాలలో ఒకప్పుడు జీతాల పట్టికలు దాచుకొన్న నల్లని ఫ్లాపీ వంటిదే! ముఖభాగాన పేరు లేదు. అంచున రంగుల చతురస్రాలే సంకేతలిపి. ఫ్లాపీకి ఉన్నట్లే కిటికీలు కోయించారు. ఆ కోత ఖర్చు వలన ప్రతి రికార్డుపైనా ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థకు నష్టమేనని ప్రసిద్ధి. ఎంత నష్టమన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది. మన ఆర్థిక విభాగమైతే ఆ అంచనాను తిప్పి పంపి ఉండేది. వందలలో అమ్మే వస్తువుకు చెల్లే వ్యయం లక్షలలో అమ్మే వస్తువుకు చెల్లదు గదా. తరువాతి ముద్రణలలో కిటికీలు మాయమైనవి. 1992లో ఆ సంస్థ మూతపడినప్పుడు కొందరు ఈ అట్టనే తలచుకొన్నారు గాని, మా దృష్టిలో అది అన్యాయం. భవనాలపైనా, ఆల్బముల రికార్డింగుపైనా వారు చేసిన ఖర్చు అంతకన్న బరువైనది.

పాట 1983లోనే బ్రిటిషు పట్టికలో 12వ స్థానానికి చేరి, దిగి, శరత్కాలంలో మళ్ళీ 9వ స్థానానికి ఎగబాకినది. 1988లో కొత్తగా మిశ్రమం చేసి, సుమారు నాలుగు నిమిషాలకు కుదించి 7 అంగుళాలలోనూ విడుదల చేసినప్పుడు 3వ స్థానం లభించినది. మేము మాత్రం వినదలచినప్పుడు ఆ పాత ఏడున్నర నిమిషాల పాటనే పెట్టుకొంటాము.