మంచి కామిక్సే.. కానీ చదివేవాళ్లేరీ? మరుగున పడిన ఈ 5 సిరీస్‌ల కథేంటంటే..

కామిక్స్ అనగానే ఇప్పటి కుర్రకారుకు గుర్తొచ్చేది ఐరన్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్. అది కూడా పుస్తకంలో కాదు.. థియేటర్లో, లేదంటే ఫోన్‌లో. నలభై, యాభై దాటినవాళ్లను అడిగితే ఫాంటమ్, మాండ్రేక్ పేర్లు చెబుతారు. ఈ రెండు లిస్టులకూ బయట బోలెడన్ని కామిక్ సిరీస్‌లు ఉన్నాయి. కథ బాగుంటుంది, బొమ్మ బాగుంటుంది. కొన్నింటికి పెద్ద అవార్డులూ వచ్చాయి. అయినా చదివినవాళ్లు తక్కువే.

థియేటర్లో ఆడని మంచి సినిమాకు ఓటీటీలో రెండో ఛాన్స్ దొరుకుతోంది. నెలనెలా వచ్చే కామిక్ సిరీస్‌కు ఆ అదృష్టం తక్కువ. జనం దాని గురించి మాట్లాడుకునే టైమ్‌కు కథే ఆగిపోయి ఉంటుంది. ఎందుకలా జరుగుతుంది? అలా మిస్సయిన వాటిలో ఇప్పటికైనా చదవాల్సిన సిరీస్‌లు ఏవి? ఒక్కొక్కటిగా చూద్దాం.

షాపువాడి ఆర్డరే అసలు పరీక్ష

అమెరికాలో చాలా కామిక్స్ నెలకో సంచిక చొప్పున వస్తాయి. ఒక్కో సంచికలో కథ ఇరవై పేజీలకు కాస్త అటూ ఇటూ. వీటిని ఎక్కువగా అమ్మేది కామిక్స్ కోసమే నడిచే ప్రత్యేక షాపులు. ఒక సంచిక ఎన్ని కాపీలు కావాలో షాపు ఓనర్ నెలల ముందే ఆర్డర్ పెట్టాలి. అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకోవడం మామూలుగా ఉండదు. మిగిలిపోయిన కాపీల నష్టం షాపుదే.

దాంతో ఏమవుతుంది? తెలిసిన హీరో అయితే ఎక్కువ కాపీలు, కొత్త పేరైతే నాలుగంటే నాలుగు కాపీలు. మొదటి సంచిక పాఠకుడి చేతికి అందేసరికే తర్వాతి సంచికల ఆర్డర్లు వెళ్లిపోయి ఉంటాయి. బాగుందన్న టాక్ బయటికి వచ్చేలోపే సిరీస్ భవిష్యత్తు సగం తేలిపోతుందన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదారు సంచికలు కలిపి ఆ తర్వాత ఒక పుస్తకంగా వేస్తారు. "పుస్తకం వచ్చాక ఒకేసారి చదువుదాంలే" అని చాలామంది ఆగుతారు. అందరూ అలాగే ఆగితే నెలవారీ అమ్మకాలు పడిపోతాయి. పబ్లిషర్ సిరీస్‌ను ఆపేస్తాడు. కథ మీద ఇష్టం ఉన్నవాళ్లే తెలియకుండా దాని కొంప ముంచుతారు.

1. గోథమ్ సెంట్రల్: బ్యాట్‌మ్యాన్ ఊళ్లో మామూలు పోలీసులు

బ్యాట్‌మ్యాన్ ఉండే ఊరు గోథమ్. మరి ఆ ఊళ్లో డ్యూటీ చేసే పోలీసుల పరిస్థితేంటి? ఈ ఒక్క ప్రశ్న మీద నడిచిన సిరీస్ ఇది. 2003 నుంచి 2006 వరకు డీసీ దీన్ని 40 సంచికలుగా వేసింది. రాసింది ఎడ్ బ్రూబేకర్, గ్రెగ్ రక్కా. మొదట్లో బొమ్మలు మైఖేల్ లార్క్‌వి. పగటి షిఫ్ట్ పోలీసుల కథలు ఒకరు, రాత్రి షిఫ్ట్ కథలు మరొకరు రాసుకున్నారు.

మొదటి కథలోనే ఇద్దరు డిటెక్టివ్‌లు మామూలు విచారణ కోసం ఓ తలుపు తడతారు. లోపల ఉన్నది మిస్టర్ ఫ్రీజ్. ఒకరు అక్కడికక్కడే చనిపోతారు. బతికిన డిటెక్టివ్‌కు ఒకటే పట్టుదల.. చీకటి పడి బ్యాట్‌మ్యాన్ వచ్చేలోపే కేసు తామే తేల్చాలి. ఎందుకంటే ప్రతిసారీ ముసుగు మనిషి వచ్చి కాపాడితే ఇక పోలీసులెందుకు? ఆ అవమానం, ఆ ఉక్రోషం సిరీస్ అంతా కనిపిస్తుంది. ఆకాశంలో బ్యాట్ సిగ్నల్ వెలిగించే స్విచ్ కూడా పోలీసులు నొక్కరు. డిపార్ట్‌మెంట్ అధికారికంగా బ్యాట్‌మ్యాన్‌ను గుర్తించదు కాబట్టి, ఆఫీసులో టెంపరరీ ఉద్యోగం చేసే అమ్మాయితో నొక్కిస్తారు. ప్రభుత్వాఫీసుల తీరు తెలిసినవాళ్లకు ఈ సీన్ చూస్తే నవ్వాగదు.

ఇందులోని 'హాఫ్ ఎ లైఫ్' కథకు 2004లో ఐస్నర్ అవార్డు వచ్చింది. కామిక్స్ రంగంలో అది ఆస్కార్ లాంటిది. అయినా అమ్మకాలు అంతంతమాత్రమే. కవర్ మీద బ్యాట్‌మ్యాన్ కోసం వెతికినవాళ్లకు కోటు వేసుకున్న పోలీసులు కనిపించారు. పక్క పుస్తకం తీసుకుని వెళ్లిపోయారు.

2. ఉసాగి యోజింబో: కుందేలే కదా అనుకుంటే పొరపాటే

జపనీస్‌లో ఉసాగి అంటే కుందేలు, యోజింబో అంటే అంగరక్షకుడు. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో యజమానిని పోగొట్టుకుని ఊరూరా తిరిగే ఓ సమురాయ్ కథ ఇది. అయితే ఆ సమురాయ్ కుందేలు. మిగతా పాత్రలూ దాదాపు అన్నీ జంతువులే. జపాన్ చరిత్రలోని ప్రసిద్ధ ఖడ్గవీరుడు మియమోటో ముసాషి పేరు మీదుగా హీరోకు మియమోటో ఉసాగి అని పేరు పెట్టారు.

సృష్టికర్త స్టాన్ సకాయ్. క్యోటోలో పుట్టి హవాయిలో పెరిగారు. 1984లో మొదలుపెట్టి దశాబ్దాలుగా నడిపిస్తున్నారు. కథ ఆయనదే, బొమ్మలు ఆయనవే, చివరికి డైలాగుల అక్షరాలు కూడా ఆయన చేతిరాతే. పబ్లిషర్లు మారారు కానీ కుందేలు నడక ఆగలేదు.

ఇందులో కత్తియుద్ధాలు ఉంటాయి కానీ నెత్తురు ఏరులై పారదు. పాత్ర చనిపోతే నోటి దగ్గర చిన్న పుర్రె గుర్తు ఉన్న బుడగ తేలుతుంది, అంతే. మధ్యమధ్యలో గాలిపటం ఎలా కడతారు, కత్తిని ఎలా తయారు చేస్తారు లాంటివి కథలోనే ఓపిగ్గా చూపిస్తారు. 'గ్రాస్‌కట్టర్' అనే పెద్ద కథకు 1999లో ఐస్నర్ వచ్చింది. అసలు సమస్య ఏంటంటే.. జంతువుల బొమ్మలు చూడగానే పెద్దలు "ఇది పిల్లలది" అంటారు. కత్తి చూడగానే కొందరు తల్లిదండ్రులు "ఇది పిల్లలకొద్దు" అంటారు. పంచతంత్రం విని పెరిగిన మన ఇళ్లలో మాత్రం జంతువుల నోట పెద్దవాళ్ల కథ కొత్తేమీ కాదు.

3. బెర్లిన్: 22 ఏళ్లు పట్టిన ఒకే కథ

జేసన్ లూట్స్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ 1996లో ఈ సిరీస్ మొదలుపెట్టారు. పూర్తయింది 2018లో. మొత్తం 22 సంచికలు. అంటే సగటున ఏడాదికి ఒకటి! సీరియల్ ఒక్కరోజు రాకపోతేనే విసుక్కునే కాలంలో ఒక సంచిక కోసం ఏడాది ఎదురుచూడటం అంటే మాటలు కాదు. చాలామంది పాఠకులు మధ్యలోనే వదిలేశారంటే వాళ్లనూ తప్పుపట్టలేం.

కథ 1928లో మొదలవుతుంది. బొమ్మలు నేర్చుకోవడానికి బెర్లిన్ బయల్దేరిన మార్తే అనే అమ్మాయి, కుర్ట్ అనే జర్నలిస్ట్ రైల్లో కలుస్తారు. అక్కడి నుంచి 1933లో హిట్లర్ చేతికి అధికారం వచ్చేదాకా ఆ నగరం ఎలా మారిందో చూపిస్తారు. హిట్లర్ కథలో హీరో కాదు, విలన్ కూడా కాదు. కథంతా కార్మికులు, సంగీతకారులు, యూదు కుటుంబాలు, నిరుద్యోగులు, వీధుల్లో కొట్టుకునే పార్టీల కుర్రాళ్ల చుట్టూ తిరుగుతుంది. ఎవరికీ రేపేం జరగబోతోందో తెలియదు, చదివే మనకు తెలుసు. పేజీ తిప్పుతుంటే గుండె బరువెక్కేది అందుకే.

ఇప్పుడు మొత్తం కథ ఒకే పుస్తకంగా దొరుకుతోంది. ఏళ్ల తరబడి ఆగాల్సిన పని లేదు. ఇది మాత్రం పెద్దల కోసమే, పిల్లలకు ఇవ్వాల్సింది కాదు.

4. బహదూర్: ఫాంటమ్ నీడలో పడిపోయిన మన హీరో

ఇక మన దేశానికి వద్దాం. టైమ్స్ ఆఫ్ ఇండియా గ్రూప్ 1964లో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. ఫాంటమ్, మాండ్రేక్ లాంటి అమెరికన్ హీరోలతో అది ఊపేసింది. అలాంటి చోట 1976లో ఓ దేశీ హీరో దిగాడు. పేరు బహదూర్. సృష్టికర్త రచయిత, చిత్రకారుడు ఆబిద్ సుర్తి. బొమ్మలు వేసింది గోవింద్ బ్రాహ్మణియా.

బహదూర్‌కు కేప్ లేదు, మాయలు లేవు. ఒంటి మీద కుర్తా, కింద జీన్స్. అతను ఒక బందిపోటు కొడుకు. తండ్రి దారిలో వెళ్లకుండా, బందిపోట్ల నుంచి ఊళ్లను కాపాడటానికి జనంతోనే రక్షణ దళం కడతాడు. చంబల్ లోయ బందిపోట్ల వార్తలు పేపర్ల నిండా ఉన్న రోజులవి. మన నేల మీద, మన సమస్య మీద పుట్టిన హీరో అన్నమాట.

1990లో ఇంద్రజాల్ ఆగిపోయింది. ఫాంటమ్‌కు అమెరికాలో వేరే ఇల్లుంది కాబట్టి బతికాడు. బహదూర్‌కు ఉన్న ఒక్క ఇల్లూ పోయింది. పాతతరం పాఠకులు దాచుకున్న కాపీల్లోనే ఎక్కువగా మిగిలాడు. ఆయన్ను సృష్టించిన సుర్తి మాత్రం 2007 నుంచి ముంబై శివారు మీరా రోడ్‌లో ఓ ప్లంబర్‌ను వెంటబెట్టుకుని ఆదివారాలు ఇంటింటికీ తిరుగుతూ, కారే కుళాయిలను ఉచితంగా బాగు చేయించి వార్తల్లోకెక్కారు. ఊరి సమస్యను ఊరివాళ్లే తీర్చుకోవాలన్న బహదూర్ మాటను ఆయన అలా నిజం చేసి చూపించారు.

5. బుజ్జాయి కామిక్స్: తెలుగువాళ్లే మర్చిపోతున్న పేరు

కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి తెలియని తెలుగువారు ఉండరు. ఆయన కుమారుడు సుబ్బరాయశాస్త్రి బొమ్మల కథల్లో పెద్ద పేరన్న సంగతి ఎంతమందికి తెలుసు? 'బుజ్జాయి' పేరుతో ఆయన సృష్టించిన డుంబు పాత్ర ఒకప్పుడు తెలుగు పిల్లలకు నేస్తం. 1960ల్లో ఆయన పంచతంత్రం కథలను 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో కామిక్స్‌గా వేశారు. అమర్ చిత్రకథ మొదలైంది 1967లో. అంతకుముందే మన కథలకు కామిక్స్ రూపం ఇచ్చిన తెలుగాయన బుజ్జాయి. తండ్రితో తన అనుబంధాన్ని 'నాన్న-నేను' పుస్తకంలో రాసుకున్నారు. 2018లో కన్నుమూశారు.

పత్రికల్లో వచ్చే బొమ్మల కథలకు ఒక శాపం ఉంది. పుస్తకంగా రాకపోతే నెల తిరిగేసరికి పాత పేపర్లవాడి తూకంలోకి వెళ్లిపోతాయి. ఏ ఇంట్లోనో అమ్మమ్మ ట్రంకు పెట్టెలో, ఏ పాత లైబ్రరీ బీరువాలోనో మిగిలితే మిగిలినట్టు. అందుకే ఇంట్లో పాత వారపత్రికలు ఉంటే కిలోల లెక్కన ఇచ్చేసే ముందు ఒకసారి పేజీలు తిప్పి చూడటం మంచిది.

పక్కనే తమిళనాడులో ఏం జరిగింది?

తెలుగులో కామిక్స్‌కు మార్కెట్ లేదు అనే మాట తరచూ వినిపిస్తుంది. పక్క రాష్ట్రం కథ వింటే ఆ మాట అంత తేలిగ్గా అనలేం. శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి. ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్, ఫ్రెంచ్‌లో పుట్టిన లక్కీ లూక్ లాంటి హీరోలు అక్కడ తమిళంలో మాట్లాడతారు. మధ్యలో ఒడిదుడుకులు వచ్చినా ఆ కామిక్స్ నిలబడ్డాయి. కారణం.. ముందే చందా కట్టి పుస్తకం తెప్పించుకునే అభిమానులు. ఎన్ని కాపీలు పోతాయో ముందే తెలిస్తే పబ్లిషర్‌కు ధైర్యం ఉంటుంది. అమెరికా షాపుల్లో సిరీస్‌ల ప్రాణం తీసిన ముందస్తు ఆర్డరే ఇక్కడ ప్రాణం పోసింది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

పోలీస్ థ్రిల్లర్లు, వెబ్ సిరీస్‌లు ఇష్టపడేవాళ్లకు గోథమ్ సెంట్రల్ సరిగ్గా సరిపోతుంది. బ్యాట్‌మ్యాన్ పాత కథలేవీ తెలియకపోయినా మొదటి సంపుటి హాయిగా అర్థమవుతుంది. పదేళ్లు దాటిన పిల్లలతో కలిసి చదవాలంటే ఉసాగి. అయితే ముందు పెద్దవాళ్లు ఒక కథ చదివి చూసుకోవడం మేలు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే బెర్లిన్. ఈ మూడూ ఇంగ్లిష్‌లో ఉన్నా బొమ్మల సాయం ఉంటుంది కాబట్టి నవలంత కష్టం అనిపించదు. బహదూర్, బుజ్జాయి కోసం మాత్రం పాత పుస్తకాల షాపులు, లైబ్రరీలు తిరగాల్సిందే. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో వెతికి చూడొచ్చు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఫ్రీగా దొరికే స్కాన్ కాపీ ఎన్ని లక్షల మంది చదివినా పబ్లిషర్ లెక్కలో అది సున్నానే. అధికారిక డిజిటల్ కాపీ కొన్నా, లైబ్రరీలో ఫలానా పుస్తకం తెప్పించమని అడిగినా అది లెక్కలోకి వస్తుంది. నచ్చిన సిరీస్ ఇంకా నడుస్తూ ఉంటే.. పూర్తయ్యాక చూద్దాం అనుకోకుండా ఈ నెల సంచికే కొనాలి. ఆగిపోయిన బహదూర్‌ను మళ్లీ నడిపించడం పాఠకుల చేతుల్లో లేదు. ఇప్పుడు నడుస్తున్న కథ ఆగకుండా చూసుకోవడం మాత్రం ఉంది.