పడవలో చోటు లేని ప్రాణి

రాజధానీవాసులు యమునానదిని సంవత్సరంలో రెండు పర్యాయాలే తలచుకుంటారంటే అతిశయోక్తి కాదు. నీటిలో అమ్మోనియా పెరిగి కుళాయిలు ఆగిపోయినప్పుడు ఒకసారి. పాత ఇనుపవంతెన వద్ద నీటిమట్టం ప్రమాదస్థాయిని దాటినప్పుడు మరొకసారి. ఆ ప్రమాదస్థాయి 205.33 మీటర్లు. 2023 జూలై 13న నది 208.66 మీటర్లకు చేరి, 1978లో నమోదైన 207.49 మీటర్ల రికార్డును చెరిపివేసింది. ఎర్రకోట గోడల వెంట, రాజఘాట్ ఆవరణలో, ఐ.టి.ఓ. కూడలిలో నీరు నిలిచింది. 2025 సెప్టెంబరులోనూ నది 207 మీటర్లు దాటింది. ఈ అంకెలన్నీ ప్రభుత్వ రికార్డులలో పదిలంగా ఉన్నాయి. ఏ రికార్డుకూ ఎక్కని ఒక చిన్న సంఘటనతో ఈ వారం లేఖను ప్రారంభించదలచాను.

నిగంబోధ్ ఘాట్‌కు చేరువలో యమునాబజారు ఉన్నది. అక్కడి ఘాట్ల వెంట పూజారుల కుటుంబాలు, పడవలు నడుపుకొనేవారి కుటుంబాలు తరతరాలుగా కాపురమున్నాయి. 2023 జూలై వరదలో అక్కడి ఇళ్ళు కిటికీల పైదాకా మునిగాయి. ఒక ఇంటి మేడమెట్ల మీద ఒక వృద్ధురాలు, ఆమె కుమారుడు, కోడలు నిలబడి ఉన్నారు. వారితోపాటు ఒక కుక్క. అల్సేషియన్ పోలికలు గల పెద్ద కుక్క. ముప్పయి అయిదు కిలోలకు తక్కువ ఉండదు. సహాయక దళంవారి రబ్బరుపడవ మెట్లను ఆనుకొని నిలిచింది. కోడలు ఎక్కింది. వృద్ధురాలు మాత్రం కదలలేదు. “శేరూ ఎక్కితే నేనూ ఎక్కుతాను భయ్యా, లేదంటే మీరు వెళ్ళండి” అన్నది.

ఆ దళంవారు కఠినులు కారు. కుక్కనూ ఎక్కించుకుంటామన్నారు. అయితే ఎక్కించడమెలాగో వారికి తెలియదు. కుమారుడు మెడపట్టీ పట్టుకొని ముందునుండి లాగాడు. దళంలో ఒకరు వెనుకనుండి నెట్టారు. కుక్క ముందుకాళ్ళు తడిసిన రబ్బరు మీద జారాయి, వెనుకకాళ్ళు మెట్టును విడువలేదు. ఈ పెనుగులాటలో పడవ గజం దూరం జరిగింది. కుక్కా, కుమారుడూ కలిసి నీటిలో పడ్డారు. ఇద్దరూ ఈదగలవారే గనుక ప్రాణాపాయం తప్పింది. కాని కుక్క మళ్ళీ మెట్లమీదికి చేరి పైకప్పుకు పారిపోయింది. వృద్ధురాలు అక్కడే కూర్చున్నది. ఇతరులు ఎదురుచూస్తున్నందున పడవ వెళ్ళిపోయింది. ఆ దళాన్ని తప్పుపట్టడానికి ఈ విలేఖరికి మనసొప్పలేదు.

ఇటువంటి తిరస్కారం ఒక వృద్ధురాలి చాదస్తమని కొట్టివేయడానికి వీలులేదు. 2018 ఆగస్టులో కేరళను ముంచెత్తిన వరదల సమయంలో త్రిసూర్‌లో ఒక మహిళ తాను సాకుతున్న 25 కుక్కలను తీసుకువెళ్ళనిదే పడవ ఎక్కనని భీష్మించింది. ఇల్లు మునుగుతుంటే ఆ కుక్కలన్నీ మంచం మీద ముడుచుకొని కూర్చున్నవట. జంతుసంరక్షకులు వచ్చి కుక్కలనూ, ఆమెనూ కలిపి బయటకు తెచ్చేదాకా ఆమె తన మాటమీదనే నిలిచింది. అంతకు పదమూడేళ్ళ ముందు, 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్ నగరం విడిచిపోనివారిలో అనేకులు పెంపుడు జంతువులను వదలలేక నిలిచిపోయినవారే. బస్సు ఎక్కబోతున్న ఒక బాలుని చేతిలోనుంచి అతని కుక్కపిల్లను లాగివేసిన వార్త ఆ దేశాన్ని కదిలించింది. మరుసటి సంవత్సరమే, 2006లో, రాష్ట్రాల విపత్తు ప్రణాళికలలో పెంపుడు జంతువులకు కూడా ఏర్పాటు ఉండాలని అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. జంతువుల మీద ప్రేమకన్నా, మనుషులను ఇళ్ళనుండి కదిలించడానికి మరో మార్గం లేదన్న గ్రహింపే ఆ చట్టానికి ప్రధాన హేతువు.

మనకు ఈ విషయంలో పొరుగు దేశాల పాఠాలు అక్కరలేదని వాదించేవారు ఉండవచ్చు. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు రథమెక్కమంటే, వెంట వచ్చిన కుక్కను విడిచి ఎక్కనన్న ధర్మరాజు కథ మనదే. ఆయన ఏలిన ఇంద్రప్రస్థం ఈ యమున ఒడ్డునే ఉండేదని కూడా ప్రతీతి. అయితే ఆ కథలో కుక్కను రథంలోకి ఎత్తవలసిన అవసరం రాకుండానే అది ధర్మదేవతగా నిజరూపం చూపింది. యమునాబజారు శేరూ విషయంలో అటువంటి సౌకర్యం లేదు.

మన చట్టాల సంగతి చూద్దాం. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి ఫలితంగా 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. సహేతుకమైన కారణం లేకుండా ఒక జంతువును ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో విడిచిపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. తొలి నేరానికి అది విధించిన జరిమానా పది రూపాయలు మొదలు యాభై రూపాయల వరకు. కాగా ముంచుకొస్తున్న వరద సహేతుకమైన కారణమే కదా! కనుక కుక్కను విడిచినవారిని చట్టం శిక్షించదు. విడవనివారికి దారీ చూపదు. విపత్తు సహాయ ప్రమాణాలు మరింత ఆసక్తికరమైనవి. 2022-26 కాలానికి కేంద్ర హోంశాఖ ప్రకటించిన పట్టికలో చనిపోయిన పాడిగేదెకు లేదా ఆవుకు 37,500 రూపాయలు, గొర్రెకు లేదా మేకకు 4,000 రూపాయలు, కోడికి నూరు రూపాయలు చొప్పున ఉన్నది. కుక్క ఊసు లేదు. జీవనాధారమైన పశువుకు పరిహారం ఇవ్వడం న్యాయమే, అందులో తప్పు వెదకబోవడం లేదు. అయితే పట్టికలో లేనిది గుమాస్తా దృష్టిలో ఉండదు. గుమాస్తా దృష్టిలో లేనిది శిక్షణలోనూ ఉండదు. 2023 జూలైలోనే నోయిడాలో చిక్కుకున్న ప్రీతమ్ అనే ఆబోతును జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం రక్షించి, దాని ఖరీదు కోటి రూపాయలని సగర్వంగా ప్రకటించింది. కోటి రూపాయల ఆబోతుకు లభించిన శ్రద్ధలో పదోవంతు వెల కట్టని కుక్కకు లభించినా చాలు.

నిజానికి కావలసింది డబ్బు కాదు, మెలకువ. ఆ మెలకువ ఏమిటో ఆనాటి మధ్యాహ్నమే అదే ఘాట్‌లో చూడగలిగాను. రబ్బరుపడవ వెళ్ళిన గంటన్నర తర్వాత ఒక ముసలి మల్లా తన చెక్కపడవ వేసుకొని వచ్చాడు. సంగతంతా విన్నాడు. ముందుగా పడవను అడ్డంగా తిప్పి మెట్లకు ఆనించి, రెండుచోట్ల తాడుతో బిగించి కట్టాడు. ఒక్క తాడే కడితే పడవ తిరుగుతుందనీ, కుక్క కాలు పెట్టగానే దూరం జరుగుతుందనీ చెప్పాడు. పడవ అడుగున తడిపిన గోనెసంచి పరిచాడు. కుక్కకు నీటికన్నా జారే నేల అంటేనే ఎక్కువ భయమట. గోళ్ళకు పట్టు దొరికితే సగం భయం పోతుందట. “ముందు మీరు ఎక్కి కూర్చోండి అమ్మాజీ, మీరుంటే అది వస్తుంది” అన్నాడు. ఆమె ఎక్కి పడవ నడుమ కూర్చున్నది. కుమారుడు ఒక చేయి కుక్క ముందుకాళ్ళ వెనుకగా రొమ్ము కింద, రెండవ చేయి తొడల వెనుక పెట్టి, తన శరీరానికి అదిమి ఎత్తాడు. మల్లా నడుము కింద ఊతమిచ్చాడు. నాలుగు కాళ్ళూ ఒకేసారి గోనెసంచి మీద ఆనాయి. అంతా కలిసి నిమిషం పట్టలేదు.

ఆ ముసలివాడు ఏ శిక్షణాలయంలోనూ చదువుకోలేదు. కాని పశువైద్యులు, సహాయక శిక్షకులు చెప్పేదీ అదే. పెద్దకుక్కను మెడపట్టీతో లాగితే ఊపిరాడదు; ముందుకాళ్ళు పట్టి ఎత్తితే భుజాల కీళ్ళు, వెనుకకాళ్ళు పట్టి ఈడిస్తే తుంటికీళ్ళు దెబ్బతింటాయి. లాబ్రడార్, అల్సేషియన్ జాతులలో తుంటికీలు లోపాలు సాధారణం గనుక, వయసు మళ్ళిన కుక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక్కరు ఎత్తలేని కుక్కకు పాత దుప్పటినో, పంచెనో పొట్టకింద దూర్చి ఇద్దరు చెరొక కొస పట్టుకొని లేపవచ్చు. వీపుమీద పిడి ఉన్న హార్నెస్ గాని, కుక్కలకు కుట్టిన లైఫ్ జాకెట్ గాని ఉంటే పని ఇంకా సులువు. రబ్బరుపడవను గోళ్ళు చీల్చివేస్తాయన్న భయం చాలామందిలో ఉన్నది. సహాయక చర్యలలో వాడే పడవలు మందపాటి గుడ్డతో, వేర్వేరు గాలి అరలతో తయారవుతాయి; అడుగున గోనెపట్టా పరిస్తే ఆ భయానికి తావే ఉండదు.

నీటిలో ఈదుతున్న కుక్కను పడవలోకి తీసుకోవడం వేరే విద్య. మొట్టమొదట ఇంజను ఆపాలి. పడవ వెనుక తిరిగే రెక్కల దగ్గరకు ఏ ప్రాణినీ రానివ్వరాదు. ఒకరు కుక్కను అందుకొనేటప్పుడు తక్కినవారు రెండవవైపుకు ఒరగాలి. అందరూ దయతో ఒకేవైపుకు వంగితే పడవ బోర్లాపడుతుంది. పిడిని పట్టి కుక్కను కొద్దిగా నీటిలోకి అణచి, అది తిరిగి పైకి తేలే ఊపులోనే లోపలికి లాగాలి. తడిసిన బొచ్చుతో కుక్క బరువు పెరిగి ఉంటుంది గనుక నీరు ఇచ్చే ఆ సాయాన్ని వదులుకోరాదు. బెదరిన కుక్క యజమానినైనా కరుస్తుంది. ఎత్తే క్షణంలో మూతికి గుడ్డ చుట్టవచ్చు. పడవలో చేరగానే తీసివేయాలి. మూతికి చిక్కం ఉన్న కుక్క నీటిలో పడితే ఊపిరాడక మునిగిపోతుంది. గొలుసును పడవకు కట్టడం అంతకన్నా ప్రమాదకరం. పడవ తిరగబడితే అది ఉరితాడే. ఎవరినైనా కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీటితో కడిగి, రేబిస్ టీకాకు వెళ్ళవలసిందే.

ఎక్కడం కష్టమనుకుంటాము గాని, ఎక్కువ ప్రమాదం దిగేటప్పుడే ఉన్నది. ఒడ్డు కనిపించగానే కుక్క ఆగదు. గజం దూరం ఉండగానే దూకుతుంది. ఆ తాకిడికి పడవ వెనుకకు పోతుంది. దిగబోతూ లేచి నిలబడ్డ పిల్లలు, వృద్ధులు నీటిలో పడతారు. కాబట్టి ఒకరు ముందుగా దిగి తాడు బిగించేవరకు యజమాని కుక్కను కూర్చోబెట్టి పట్టుకోవాలి. పడవ కదలడం ఆగిన తర్వాత కుక్కను దింపి, ఆ తర్వాతనే మనుషులు లేవాలి.

ఈ విద్య మన దేశానికి కొత్త కాదు. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంలోని కుక్కలే ఇందుకు సాక్ష్యం. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంప శిథిలాల కింద ఆరేళ్ళ బాలిక జాడ పట్టిన జూలీ ఆ దళానికి చెందినదే. మనిషిని వెదికే కుక్కకు ఏళ్ళ తరబడి తర్ఫీదు ఇచ్చే వ్యవస్థకు, మనిషి వెదుక్కొనే కుక్కను పడవ ఎక్కించే తర్ఫీదు ఒక పూట పని. ఇక గోదావరి లంకలలో పశువులను పంటు ఎక్కించే రైతులకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలో పడవలు తిరిగాయి. లంక రైతుకు పడవ తెలుసు, పశువు తెలుసు. నగరంలోని అపార్టుమెంటులో లాబ్రడార్‌ను పెంచేవారికి మాత్రం ఆ రెండింటి పొందికా తెలియదు. వేసవిలోనే, ఎండిన నేలమీద నిలిపిన పడవలోకి ఎక్కడం దిగడం కుక్కకు నాలుగు రోజులు అలవాటు చేస్తే, వరదనాడు అది బెదరదు.

యమునాబజారు నుండి బయలుదేరిన చెక్కపడవ కశ్మీరీగేటు వైపు రోడ్డుకు చేరింది. మల్లా తాడు కట్టేదాకా వృద్ధురాలు శేరూ మెడచుట్టూ చేయి వేసి కూర్చున్నది. శిబిరం వద్ద పేర్లు రాసుకొనే ఉద్యోగి కుక్కను చూసి కొంచెం తటపటాయించాడు. గుడారం బయట స్తంభానికి కట్టుకొమ్మన్నాడు. ఆమె తన మంచాన్ని కూడా బయటనే వేయించుకున్నది. మల్లా గోనెసంచి పిండి భుజాన వేసుకొని, ఘాట్‌లో ఇంకా రెండు ఇళ్ళున్నాయని చెప్పి వెనుకకు మళ్ళాడు.