‘యాక్సిడెంట్’: ఒక మాట, దాని అర్థములు

2018 సెప్టెంబరు 11న, అంజన్న గుడికి పేరుపొందిన జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. సామర్థ్యమునకు మించి జనమును ఎక్కించుకొన్న బస్సు అది. అటువంటి ఇంటికి పరామర్శకు వెళ్లిన కాపరి నోట వచ్చు మొదటి మాట ‘యాక్సిడెంట్’. ఆ మాటతో మనము ఏమి చెప్పుచున్నామో పరిశీలించుదము.

దీనికి మూలము లాటిన్ క్రియ ‘అక్కిదెరె’. ‘కాదెరె’ అనగా పడుట. మీద పడినది, సంభవించినది అని భావము. 14వ శతాబ్దములో ఫ్రెంచి ద్వారా ఆంగ్లములో చేరినప్పుడు అది ఏ సంఘటననైనను సూచించెడిది. కీడు అను అర్థము తరువాత బలపడినది. వేదాంత విద్యార్థులకు మరియొక వాడుక తెలిసినదే. రొట్టె ద్రాక్షారసముల సారము మారినను రంగు, రుచి వంటి ‘యాక్సిడెంట్లు’ నిలిచియుండునని 13వ శతాబ్దములో తోమా అక్వినాసు వివరించెను. అక్కడ దుర్ఘటన ప్రసక్తియే లేదు.

తెలుగులో మనము వాడు ‘ప్రమాదము’ వేరొక దారిన వచ్చినది. అది సంస్కృత ‘మద్’ ధాతువునుండి పుట్టినది. దాని అసలు అర్థము ఏమరుపాటు. అమరకోశము చెప్పునదియు అదే. ఆంగ్ల పదము జరిగినదానిని మాత్రమే చూపును. ‘ప్రమాదము’ దాని వెనుకనున్న మనిషిని కూడ చూపును. వాడుకలో ఆ అర్థము అరిగిపోయినది గాని పూర్తిగా పోలేదు. మన పల్లెలలో ‘యాక్సిడెంట్ అయింది’ అని మాత్రమే గాక ‘యాక్సిడెంట్ చేసిండు’ అనియు అందురు. ఆంగ్లమున ఇట్లు అనరు. ఇది మనవారు చేసిన మంచి సవరణయని మా అభిప్రాయము. నివారించదగినదానిని ఈ మాట అనివార్యమైనట్లు కనబరచునని, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పుటలలో దీనిని నిషేధించెను.

బైబిలు యాదృచ్ఛికతను పేర్కొనుటకు సందేహింపదు. రూతు 2:3లో హెబ్రీ ‘మిక్రె’, లూకా 10:31లో గ్రీకు ‘సుంకురియా’ ఇట్టివే. అయితే సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు (లూకా 13:4), వారు ఇతరులకంటె పాపులు కారని యేసు స్పష్టముగా చెప్పెను. ‘మావాడు ఏ పాపము చేసెనయ్యా’ అని అడుగు తల్లికి కాపరి చదువవలసిన భాగమిది. తొందరపడి ‘దేవుని చిత్తము’ అనుట కాదు.

ఇక బాధ్యత మాట. ద్వితీయోపదేశకాండము 22:8 ప్రకారము మిద్దెకు పిట్టగోడ లేనందున ఎవడైనను పడి చనిపోయిన యెడల రక్తాపరాధము ఇల్లు కట్టినవాని మీదనే ఉండును. పడినవాని పాపపుణ్యముల విచారణ అక్కడ లేదు.