రైలు టైముకు వచ్చే ఓడ

పాంబన్ పాత వంతెన ఫొటో చూపిస్తూ మీట పాఠం చెబుతున్నాను. సముద్రం మధ్యలో పట్టాలు రెండుగా విడిపోయి, రెండు చేతులెత్తినట్టు పైకి లేచి ఓడకు దారి ఇచ్చే షెర్జర్ వంతెన అది. అంత బరువైన ఉక్కును మనుషులు చేతులతో తిప్పి లేపేవారంటే పిల్లలు నోరు తెరిచి వింటున్నారు. మా తిరువూరుకు రైలు లేదు. రైలెక్కాలంటే మధిర పోవాలి, లేదా మైలవరం మీదుగా కొండపల్లి చేరాలి. అందుకేనేమో, రైలు కబుర్లంటే మా పిల్లలకు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మూడో బెంచీలో ఒకడు లేచాడు. "సార్, వంతెన దాటాక ధనుష్కోటిలో నేల అయిపోతుందన్నారు కదా. మరి మద్రాసులో కొలంబోకి టికెట్టు ఎలా ఇచ్చారు?"

ఆ ఒక్క ప్రశ్న నన్ను నెలరోజులు తిప్పింది.

జవాబు చిన్నదే. రైలు కంపెనీయే ఓడలు నడిపింది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరుచుకుంది. మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన సౌత్ ఇండియన్ రైల్వే బండి ధనుష్కోటి రేవు దాకా పోయేది. దిగిన జనం మూటాముల్లెతో ఎదురుగా ఉన్న ఓడ ఎక్కేవారు. సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటితే సింహళంలోని తలైమన్నారు. అక్కడ ఇంకో రైలు, అది కొలంబోకి. టికెట్టు మాత్రం ఒక్కటే. బండికి బోట్ మెయిల్ అని పేరు పడింది. ఓడ పోయి దశాబ్దాలైనా ఎగ్మూరు నుంచి రామేశ్వరం పోయే రైలును అరవం వాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మనవాళ్లు సెంట్రల్లో దిగి, పెట్టెలు జట్కాలో వేసుకుని ఎగ్మూరు చేరి ఆ బండి పట్టుకునేవారు.

మన తీరంలో కథ దీనికి తిరగబడి నడిచింది. కాకినాడ, భీమిలి, విశాఖపట్నం నుంచి మన తాతలు రంగం (రంగూన్) పోయింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో. ఆ ఓడలు రేవు దాకా వచ్చేవి కావు. లోతు లేక దూరంగా సముద్రంలో లంగరేసేవి. జనం పడవల్లో అలల మీద ఊగుతూ పోయి, ఓడ పక్కకు చేరి, పైకెక్కాలి. ఓడ రేపు వస్తుందంటే ఎల్లుండి వచ్చినా అడిగేవాడు లేడు. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పూర్తయి రైళ్లు నడిచాక, మద్రాసు పోవడానికో కలకత్తా పోవడానికో మనవాడు సముద్రం ముఖం చూడాల్సిన అవసరం తప్పింది. ఇక్కడ తీరపు ఓడ ప్రయాణికుల్ని రైలు లాక్కుంది. అక్కడ మాత్రం రైలే ఓడను కట్టించుకుని పక్కన నిలబెట్టుకుంది.

రైలు కంపెనీ ఓడను ఓడలా చూడదు. ఆ ఓడ వాళ్లకు పట్టాలు లేని బండి. ఇవతలి రైలు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి, అవతలి రైలు కూత వేయకముందే చేరాలి. గాలి ఎదురొచ్చిందనో, అల పెద్దదనో సాకు చెబితే అటు బండి తప్పిపోతుంది. దూరం తక్కువ, వేగం ఎక్కువ, రోజూ అదే పని. సరిగ్గా ఈ అవసరం కోసమే పుట్టిందా అనిపించే యంత్రం ఒకటుంది: ఆవిరి టర్బైన్. గ్లాస్గోలో ఎ అండ్ జె ఇంగ్లిస్ వాళ్లు సౌత్ ఇండియన్ రైల్వేకు కట్టిచ్చిన మూడు ఓడలూ టర్బైన్ ఓడలే. వాటికి కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అని వైస్రాయిల పేర్లు పెట్టారు. ఆ పేర్ల కన్నా వాటి కడుపులో తిరిగిన చక్రాల మీదే నాకు మమకారం.

టర్బైన్‌కు ముందు ఓడను నడిపింది పిస్టన్. మన పాత రైలింజన్ సూత్రమే: ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, ఆగుతుంది, వెనక్కి తోస్తుంది. టన్నుల కొద్దీ ఇనుము నిమిషానికి వందసార్లకు పైగా ముందుకు ఉరికి, ఆగి, వెనక్కి ఉరుకుతుంటే ఓడంతా వణుకుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిరి వ్యాకోచించే కొద్దీ చోటు అడుగుతుంది. 10 వాతావరణాల పీడనంలో ఉన్న ఆవిరి, తనను మళ్లీ నీరు చేసే కండెన్సర్‌లోని పదో వంతు వాతావరణానికి దిగేసరికి దాదాపు 60 రెట్లు ఉబ్బుతుంది. అంత ఆవిరిని పట్టే సిలిండరు కడితే ఓడలో మనుషులకు చోటుండదు. అందుకని పిస్టన్ ఇంజన్ చివరి మెతుకులు విస్తట్లోనే వదిలేసి లేచిపోతుంది.

మరి ఆవిరిని నేరుగా చక్రం మీదికి వదిలితే? దీన్ని మా ఊరి పంక్చరు షాపులోనే చూశాం. రేకు డబ్బా మూత కత్తిరించి, రెక్కలు మెలితిప్పి, సైకిలు చువ్వకు గుచ్చి, టైర్లకు గాలి కొట్టే గొట్టం ఎదురుగా పెట్టాం. చక్రం కంటికి కనపడనంత జోరుగా గిర్రున తిరిగింది. చువ్వకు దారం కట్టి ఒక నట్టు వేలాడదీస్తే మాత్రం ఠక్కున ఆగిపోయింది. వేగం బోలెడంత ఉంది, సత్తువ లేదు.

ఓడలోనూ ఇదే తగువు. 10 వాతావరణాల ఆవిరిని ఒక్కసారిగా కండెన్సర్ పీడనానికి వదిలితే లెక్క ప్రకారం సెకనుకు వెయ్యి మీటర్లు దాటే వేగంతో దూసుకొస్తుంది. తుపాకీ గుండు కూడా చాలావరకు దాని వెనకే. ఆ జోరును పూర్తిగా పట్టాలంటే రెక్క అందులో సగం వేగంతో పరుగెత్తాలి. మీటరు వెడల్పు చక్రమైతే నిమిషానికి తొమ్మిది వేల చుట్లకు పైమాటే. స్వీడన్‌లో డి లావాల్ చేసిన చిన్న టర్బైన్లు 30,000 చుట్లు తిరిగాయి. నీళ్లలో పంకా అంత వేగం ఎక్కడ భరిస్తుంది? దానికి కొన్ని వందల చుట్లు చాలు.

ఇక్కడ ఇంజినీరు చార్లెస్ పార్సన్స్ వేసిన ఎత్తు నాకు ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. బందరు కాలువ లాకులు చూసినవాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది. కాలువ నీటిని ఒకేచోట అంత ఎత్తు నుంచి దూకిస్తే గట్లు తెగుతాయి, పడవ బద్దలవుతుంది. అందుకే మెట్టు మెట్టుగా దించుతారు. పార్సన్స్ ఆవిరిని అలాగే దించాడు. ఒక వరస కదలని రెక్కలు, దాని వెనక ఒక వరస తిరిగే రెక్కలు, మళ్లీ కదలనివి, మళ్లీ తిరిగేవి. ప్రతి జతలోనూ పీడనం కొంచెమే పడుతుంది, వేగం కొంచెమే పుడుతుంది, ఆ కొంచెం అక్కడికక్కడే చక్రానికి అందుతుంది. లెక్కలోని అందమేమిటంటే, వేగం ఎత్తుకు కాదు, ఎత్తు వర్గమూలానికి లొంగుతుంది. నూరు మెట్లు చేస్తే వేగం నూరో వంతు కాదు, పదో వంతవుతుంది. మన మీటరు చక్రానికి తొమ్మిది వేల చుట్లు కాస్తా తొమ్మిది వందల దరికి దిగుతాయి.

మెట్టు దిగే కొద్దీ ఆవిరి ఉబ్బుతుంది కదా, ఆ మేరకు రెక్కలు పొడవవుతూ పోతాయి. మొదటి వరస రెక్కలు వేలి కణుపంత, చివరి వరసవి జానెడు. టర్బైన్ మూత తీసి పక్క నుంచి చూస్తే పిల్లనగ్రోవి సన్నాయిగా విచ్చుకున్నట్టుంటుంది. పిస్టన్ విస్తట్లో వదిలేసిన మెతుకుల్ని ఆ చివరి వరసలు ఏరుకు తింటాయి. పైగా ఆవిరి దారిలో నూనె రాయాల్సిన సిలిండరు గోడలు లేవు. కండెన్సర్‌లో తిరిగి నీరైనది శుభ్రంగా బాయిలర్‌కు చేరుతుంది.

ఇంత చేసినా పార్సన్స్‌ను నీళ్లు ముప్పుతిప్పలు పెట్టాయి. 1894లో నీటిలో దించిన టర్బీనియా పడవ, ఒక్క షాఫ్టు మీద ఎంత తిప్పినా 20 నాట్లు దాటనంది. పంకా జోరుగా తిరిగినప్పుడు రెక్క వెనక పీడనం పడిపోయి, చల్లని నీళ్లే మరిగి ఆవిరి బుడగలవుతున్నాయి. పంకా నీటికి బదులు నురగను తోస్తోంది. చల్లని నీళ్లు మరగడమేమిటని మా వాళ్లకు నమ్మకం కుదరలేదు. సూది లేని సిరంజిలోకి సగం దాకా వేడినీళ్లు లాగి, మొనను వేలితో మూసి, పిస్టన్‌ను బలంగా వెనక్కి లాగమన్నాను. పొయ్యి లేకుండా నీళ్లు తెర్లాయి. క్లాసు క్లాసంతా వరసగా లాగి చూశారు. ఆ గంటలో ఇంక పాఠం సాగలేదు, అలా సాగనందుకు నాకు సంతోషమే. పార్సన్స్ కూడా ఇలాంటి పనే చేశాడు. తొట్టిలో బొమ్మ పంకాను తిప్పుతూ, వెలిగి ఆరే దీపం వెలుగులో ఆ బుడగల్ని కళ్లతో చూశాడు. చూశాక ఒక పెద్ద పంకాకు బదులు మూడు షాఫ్టులు పెట్టి, ఒక్కోదానికి మూడేసి చిన్న పంకాలు బిగించాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో టర్బీనియా యుద్ధనౌకల వరసల మధ్య 34 నాట్ల దాకా, అంటే గంటకు 60 కిలోమీటర్లకు పైగా, పరుగెత్తింది. దాన్ని ఆపడానికి పంపిన కాపలా పడవలు అందుకోలేకపోయాయి.

ప్రయాణికుల కోసం టర్బైన్‌ను మొదట 1901లో క్లైడ్ నది మీద కింగ్ ఎడ్వర్డ్ అనే ఓడలో పెట్టారు. రెండేళ్లకే ఇంగ్లండు రైలు కంపెనీ ఒకటి డోవర్, కాలే మధ్య ది క్వీన్ అనే టర్బైన్ ఓడను దింపింది. అసలు పందెం మిడ్‌లాండ్ రైల్వే కట్టింది. 1904లో దాదాపు ఒకే కొలతలతో నాలుగు ఓడలు తెచ్చి, యాంట్రిమ్, డోనెగల్‌లకు పిస్టన్లు, లండన్‌డెరీ, మాంక్స్‌మన్‌లకు టర్బైన్లు పెట్టించింది. సముద్రం ఒకటే, యజమాని ఒకటే, బొగ్గు లెక్క రాసే పుస్తకం కూడా ఒకటే. ప్రయోగమంటే ఇలా ఉండాలి: ఒక్కటి మార్చు, తక్కినవి మార్చకు. టర్బైన్ ఓడలు వేగంలో ముందుకు పోయాయి, అదే వేగానికి బొగ్గు కూడా తక్కువ తిన్నాయి. తేల్చుకోవలసిన చోట కబుర్లు పక్కన పెట్టి ఓడలే కట్టి చూసిన ఆ కంపెనీ మీద నాకు గౌరవం.

టర్బైన్‌కు ఒక లోపముంది, వెనక్కి తిరగదు. రెక్కలన్నీ ఒకే వైపు వంగి ఉంటాయి మరి. రేవులో ఆగాలంటే ఓడకు వెనక నడక తప్పదు. అందుకని అదే షాఫ్టు మీద ఎదురు రెక్కల చిన్న టర్బైన్‌ను వేరుగా పెడతారు. ముందుకు పోయేటప్పుడు అది కండెన్సర్ శూన్యంలో ఊరికే తిరుగుతుంటుంది. ఇక టర్బైన్ జోరువల్ల పంకాలు చిన్నవి కావాలన్నది లోతు లేని సముద్రానికి వరమైంది. చిన్న పంకాకు తక్కువ నీళ్లు చాలు. ధనుష్కోటి, తలైమన్నారుల మధ్య ఉన్నది రామసేతువు ఇసుక తిన్నెల సముద్రం. అక్కడ ఓడ ఎంత పైపైన తేలితే అంత మంచిది.

తర్వాతి సంగతులు చకచకా చెప్పేస్తాను. టర్బైన్‌కూ పంకాకూ మధ్య పళ్ల చక్రాలు వచ్చాయి, ఎవరి వేగం వాళ్లది అయింది. ఆ పళ్ల చక్రాల టర్బైన్‌ను ఇంగ్లిష్ ఛానెల్‌లో 1911లో ముందుగా వాడింది కూడా రైలు కంపెనీ ఓడలే. ధనుష్కోటికి గోషెన్, ఇర్విన్ అనే ఓడలు తర్వాత వచ్చాయి. సేతువు మీదుగా పట్టాలే వేద్దామన్న ఆలోచన ఖర్చుకు జడిసి ఆగింది. వేసినా చిక్కే, ఇటు మీటర్ గేజి, అటు బ్రాడ్ గేజి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న పాసింజరు బండిని, అందులోని వందమందికి పైగా జనంతో సహా, సముద్రం మింగింది. ఎవరూ మిగల్లేదు. దెబ్బతిన్న వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజినీరు ఆధ్వర్యంలో 46 రోజుల్లో నిలబెట్టారు గాని ధనుష్కోటికి మళ్లీ రైలు పోలేదు. రామేశ్వరం నుంచి ఓడ కొన్నేళ్లు నడిచి, శ్రీలంక యుద్ధం ముదిరేసరికి 1980ల్లో ఆగిపోయింది. 2025లో తెరిచిన కొత్త పాంబన్ వంతెనలో మధ్య భాగం మొత్తం నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

ఆ మూడో బెంచీవాడు మాత్రం పంక్చరు షాపును వదల్లేదు. మెట్ల సంగతి విన్నాక చువ్వకు రెండో చక్రం గుచ్చాడు, రెండూ విడివిడిగా తిరిగేలా. గాలి పెడితే మొదటిది తిరిగింది, రెండోది కదల్లేదు. "మొదటి చక్రం గాలిని పక్కకు మళ్లించింది రా, ఆ గాలి రెండో చక్రం రెక్కల సందుల్లోంచి జారిపోతోంది. మధ్యలో కదలని రెక్కలు పెట్టి గాలిని మళ్లీ సరిచెయ్యాలి, పార్సన్స్ చేసింది అదే" అన్నాను. మర్నాడు వచ్చి చూపించాడు. మధ్యలో రెక్కలేవీ పెట్టలేదు. రెండో చక్రం రెక్కల్నే రెండో వైపుకు మెలితిప్పాడు. గాలి పెట్టగానే రెండు చక్రాలూ చెరో దిక్కుకు గిర్రున తిరిగాయి. స్వీడన్‌లో యుంగ్‌స్ట్రోమ్ అన్నదమ్ములు నూరేళ్ల కిందట కదలని రెక్కలు తీసేసి టర్బైన్ కట్టింది సరిగ్గా ఈ ఊహ మీదే. ఆ పేరు వాడు విననే లేదు.

"సార్, ఓడకు కూడా ఇలాగే రెండు పంకాలు ఒకదాని వెనక ఒకటి పెట్టి, చెరో వైపుకు తిప్పితే పనికొస్తుందా?" అని అడిగాడు.

సోమవారం వాడికి టార్పీడో గురించి చెప్పాలి.