మౌంటెన్ ఎక్కడుంది నాన్నా? మీకు తెలుసా!

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి సనత్‌నగర్ రోడ్లు మనవే. ఇనుప షెడ్ల షట్టర్లు దించి ఉంటాయి. లారీలు గోడవారగా పడుకుని ఉంటాయి. టీ బండి మీద స్టవ్ ఒక్కటే బుసకొడుతుంటుంది. మా అమ్మాయికి ఏడేళ్లు. ఇరవై అంగుళాల చక్రాల సైకిల్ కొనిచ్చాం. ఫ్రేము మీద ‘మౌంటెన్ బైక్’ అని ఇంతింత అక్షరాలు. ఎస్ఆర్‌టీ క్వార్టర్ల గల్లీల్లో నెల్లాళ్లు తొక్కాక ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, “మౌంటెన్ ఎక్కడుంది నాన్నా?” అంది.

హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, నువ్వు ఆల్రెడీ కొండ మీదే ఉన్నావు అని బుకాయించాను. నమ్మలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆదివారాలన్నీ దాని కోసమే తిరిగాం. అలా పోగైన సంగతులివి.

*మౌంటెన్ బైక్ పుట్టింది కొండ ఎక్కడానికి కాదు, దిగడానికి. మీకు తెలుసా?*

1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాతకాలపు సైకిళ్లు పట్టుకుని ఒక మట్టిరోడ్డు మీద పైనుంచి కిందికి పందెం పెట్టుకున్నారు. ఆ సైకిళ్లకు బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉండేది. కొండ దిగేసరికి అది కాగి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి, 1996 అట్లాంటాలో, మౌంటెన్ బైకింగ్ ఒలింపిక్ క్రీడ అయింది.

పిల్లల సంగతీ అంతే. ఎక్కడం విసుగు, దిగడం పండగ, బ్రేకు మాత్రం అందదు. అందదు అంటే నిజంగానే వేళ్లకు అందదు. చాలా సైకిళ్ల బ్రేకు లీవరు మొదట్లో, లోపలివైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే లీవరు హ్యాండిల్ దగ్గరికి జరుగుతుంది. ఈ సంగతి నాకు సైకిల్ కొన్న మూడు నెలలకు తెలిసింది. అప్పటిదాకా ఆ పిల్ల చెప్పులు నేలకు రాసి ఆపుతోంది, నేనేమో చెప్పులు అరగ్గొడుతున్నావని తిడుతున్నాను.

*ప్రపంచంలో మొదటి సైకిల్‌కి పెడళ్లు లేవు.*

జర్మనీలోని మాన్‌హైమ్‌లో 1817లో కార్ల్ డ్రైస్ అనే ఆయన కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే రెండు చక్రాల బండి నడిపాడు. పెడళ్లు వచ్చింది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు. పిల్లలకు సైకిల్ నేర్పడానికి కూడా అదే వరస మేలు. పక్క చక్రాలు తగిలించడం మానేసి, పెడళ్లు ఊడదీసి, రెండు కాళ్లూ నేలకు ఆనేలా సీటు దించండి. బ్యాలెన్సు ముందు వస్తుంది, తొక్కడం తర్వాత దానంతటదే వస్తుంది. పక్క చక్రాలతో మట్టిబాట ఎక్కితే ఒక చక్రం గుంతలో, ఒకటి గాల్లో!

పెడల్ ఊడదీసేటప్పుడు ఒక తిరకాసుంది. కుడి పెడల్ మామూలుగా తిరుగుతుంది. ఎడమ పెడల్‌కి మర ఉల్టా. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియకపోతే 15 నంబర్ పానా పట్టుకుని బిగించినకొద్దీ బిగిస్తూనే ఉంటాం.

మా తరానికి ఈ గొడవేం లేదు లెండి. గంట లెక్కన కిరాయికి తెచ్చిన పెద్ద సైకిల్, మధ్య కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుడు, మోకాలికి మచ్చ. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ దాన్ని పద్ధతి అనలేం.

*మట్టిబాటలకు కూడా గ్రేడులు ఉంటాయి.*

మంచు మీద జారే స్కీయింగ్ వాళ్ల గుర్తులనే సైకిల్ బాటలకూ తెచ్చారు. తెల్ల గుండ్రం అంటే అన్నిటికన్నా తేలిక. ఆకుపచ్చ గుండ్రం తేలిక. నీలి చతురస్రం ఓ మోస్తరు. నల్ల డైమండ్ వస్తే వెనక్కి తిరగడమే. తెల్ల గుండ్రం బాట సగటు వాలు ఐదు శాతం లోపే ఉంటుంది. అంటే వంద మీటర్లు వెళితే ఐదు మీటర్లు, ఒకటిన్నర అంతస్తుకు కాస్త పైన, ఎక్కినట్టు. వెడల్పు కూడా ఆరడుగులు ఉండాలంటారు, పక్కనే తండ్రి సైకిల్ పట్టేంత.

ఈ గుర్తులు నేను బొమ్మల్లో చూసినవే. మన ఊళ్ల మట్టిబాటల మొదట్లో ఇలాంటి బోర్డు ఒక్కటీ కనపడలేదు. అయితే బోర్డు లేని తెల్ల గుండ్రాలు మన ఊళ్ల చుట్టూ వందల ఏళ్లుగా ఉన్నాయి.

*చెరువు కట్ట అంటే ఏమిటి? సమతలంగా వేసిన మట్టిరోడ్డు!*

నీళ్లు మట్టంగా నిలుస్తాయి కాబట్టి వాటిని ఆపే కట్ట పైభాగం కూడా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఎత్తులో ఉండాలి. ఎక్కడైనా తగ్గితే నీళ్లు అక్కడి నుంచే పొర్లి కట్ట తెగుతుంది. కాబట్టి చెరువులు తవ్విన వాళ్లు తెలియకుండానే, వాలు దాదాపు సున్నా ఉన్న సైకిల్ బాట వేసి పెట్టారు. పైగా గట్టిపడిన మట్టి. కాకతీయుల కాలం నుంచీ మనవాళ్లకు వచ్చిన విద్య ఇది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా కట్టల మీద తుప్పలు కొట్టి, మట్టి పోసి చదును చేశారు. సైకిల్ వాళ్లకు అది లాభమే.

మేం మొదట వెళ్లింది అమీన్‌పూర్ చెరువుకి. మియాపూర్ దాటి, ట్రాలీ ఆటోలో రెండు సైకిళ్లూ పడేసుకుని వెళ్లాం. కుతుబ్‌షాహీల నాటి చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో బాతులు, కొంగలు గుంపులుగా దిగుతాయి. సైకిల్ తొక్కడానికి వెళ్లి పక్షులు చూస్తూ గంట కూర్చున్నాం. ఏడేళ్ల పిల్లతో వెళితే ట్రైలు పొడవు మనం లెక్కేసుకున్న దాంట్లో సగమే అవుతుందని అప్పుడే అర్థమైంది.

ఇంకో ఆదివారం జీడిమెట్ల ఫాక్స్ సాగర్ వైపు వెళ్లాం. 1897 నాటిది ఆ చెరువు. కట్ట పక్కన వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి చేయి ఊపాడు.

“ఎంత దూరం పోతరు బిడ్డా?”

“చివరిదాకా తాతా!” అంది మా అమ్మాయి.

“సీదా పో. అలుగు కాడ మాత్రం దిగి నడువు. అక్కడ నాచుంటది, జారుతది. తూము కాడ రాయి లేచింది, సూసుకో.”

ట్రైలు గ్రేడింగ్ అంటే ఇదే కదా! ఏ మలుపులో ప్రమాదం ఉందో రెండు ముక్కల్లో చెప్పేశాడు. నా వంతుగా ఒక జాగ్రత్త కలుపుతాను. కట్టకు ఒకవైపు నీళ్లు, ఒకవైపు వాలు. పిల్లని ఎప్పుడూ మధ్యలో పోనివ్వాలి, నీళ్లవైపు మనం ఉండాలి. వానాకాలంలో నిండు చెరువు కట్ట జోలికి పోవద్దు.

*మొరం, రేగడి: ఈ రెండు మాటలు తెలిస్తే సగం ట్రైళ్లు తెలిసినట్టే.*

హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. బంజారాహిల్స్ బండరాళ్ల నుంచి గచ్చిబౌలి గుండ్ల దాకా అదే రాయి. అది ఎండకూ వానకూ చితికితే వచ్చేదే మొరం. వాన నీళ్లు దాంట్లోంచి ఇంకిపోతాయి. రాత్రి వాన పడినా తెల్లారి తొక్కొచ్చు, పైగా తడి మొరం మీద పట్టు ఇంకా బాగుంటుంది. ఎండాకాలంలోనే కష్టం. పైన వదులుగా నిలిచిన గరుకు ఇసుక చక్రం కింద గోళీల్లా దొర్లుతుంది. దాని మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే తిన్నగా మోచేతుల మీద పడతాం. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకు ముందు బ్రేకు కుడిచేతి వైపు ఉంటుంది. మొరం మీద ఎడమది ముందు, కుడిది మెల్లగా. మా ఇంట్లో దీన్ని ఎక్కాల్లా అప్పజెప్పిస్తాను.

పడమరకు, శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వైపు పోయేకొద్దీ నేల నల్లబడుతుంది. అది రేగడి. ఎండలో సిమెంటులా గట్టిగా, పగుళ్లతో ఉంటుంది. ఒక్క వాన పడిందా, చక్రానికి రొట్టెపిండిలా చుట్టుకుని, బ్రేకు దగ్గర ఇరుక్కుని, చక్రం తిరగనే తిరగదు. ఒకసారి వాన వెలిసిన మర్నాడు ఆ వైపు వెళ్లి, రెండు సైకిళ్లనూ చెరో భుజాన వేసుకుని రోడ్డెక్కాను. వెనక నడుస్తున్న పిల్ల మాత్రం మహా సంతోషంగా ఉంది.

*ఒక జీవో కూడా సైకిల్ బాటలు మిగిల్చింది.*

గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1908 మూసీ వరదల తర్వాత కట్టింది. 1920లో పూర్తయింది. దాని తోడు హిమాయత్‌సాగర్ 1927లో. ఈ రెండింటి నీళ్లు పాడవకుండా చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. దాన్ని ఎత్తేయాలని, ఉంచాలని ఏళ్ల తరబడి వాదన నడుస్తూనే ఉంది. అందులో ఎవరి లెక్కలు వాళ్లవి. నాకు కనపడే లెక్క ఒకటే. కోకాపేట అంతస్తులు ఆకాశంలో ఉన్నా, పక్కనే చిలుకూరు, గండిపేట వైపు ఇంకా తోటలున్నాయి, పొలాల మధ్య మొరం బాటలున్నాయి, ఆదివారం ఉదయం హైదరాబాద్ సైకిల్ జనమంతా అటే ఉంటారు. పిల్లతో అయితే పెద్ద రోడ్డు దాటే పని లేకుండా కారులో ఆ బాటల దాకా వెళ్లి అక్కడ సైకిళ్లు దించుకోవడం నయం.

*ముల్లు కథ.*

పల్లేరుకాయ తెలుసు కదా, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఆ మొక్కకు అమెరికాలో పెట్టిన పేరే ‘పంక్చర్‌వైన్’, పంక్చర్ తీగ. ఐడహోలోని బోయ్‌సీ పట్నంలో దాని పేరు మీద ఏకంగా సైకిల్ పండగే చేస్తారు. ముల్లు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

దాన్ని మించింది సర్కారు తుమ్మ. కట్టల మీదా బీళ్లలోనూ ఎక్కడ చూసినా అదే. ఈ మొక్క మన దేశానిది కాదు. 1877లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లా కమలాపురంలో విత్తనాలు తెప్పించి నాటించినట్టు రికార్డు. సర్కారు వారు తెచ్చారు కాబట్టి సర్కారు తుమ్మ! వంటచెరకు కోసం తెచ్చింది, మన ట్యూబుల్లో దిగుతోంది.

ముల్లు దిగితే వెంటనే పీకేయకండి. పీకిన క్షణంలో గాలి పోతుంది. అలాగే ఉంచి నడిపిస్తే కొన్నిసార్లు ఇంటిదాకా వస్తుంది. పంక్చర్ వేశాక టైరు లోపల వేళ్లతో, మెల్లగా, చుట్టూ తడమాలి. విరిగిన ముల్లు కొన లోపలే ఉంటే కొత్త ట్యూబు పది నిమిషాలు ఆగదు. గుడ్డతో తడమడం ఇంకా మంచిది, ముల్లున్న చోట దారం పట్టుకుంటుంది.

*గాలి ఎక్కువైతే మంచిదా?*

పంక్చర్ షాపులో బొటనవేలితో నొక్కి “టైట్ ఉంది సార్” అంటారు. తారు రోడ్డుకి సరే. మట్టి మీద అది గుర్రపు స్వారీ. పాతిక కిలోల్లోపు పిల్లకు, లావు టైరుకు, 20 నుంచి 25 పీఎస్ఐ చాలు. టైరు మెత్తగా ఉంటే రాయిని చుట్టుకుని పోతుంది, గట్టిగా ఉంటే ఎగిరి పడుతుంది.

ఇంకో చిన్న లెక్క. మా అమ్మాయి బరువు 22 కిలోలు, సైకిల్ 12. నా 70 కిలోలకు అదే నిష్పత్తిలో అయితే నేను 38 కిలోల సైకిల్ తొక్కాలి. అంటే ముప్పావు సిమెంటు బస్తా! ఎత్తు ఎక్కలేక దిగి నెడుతుంటే “గట్టిగా తొక్కు, గట్టిగా తొక్కు” అని అరిచిన రోజులకు ఈ లెక్క తెలియదు.

*నగరంలోనే నేర్చుకోవాలంటే?*

కొత్తగూడ బొటానికల్ గార్డెన్ దగ్గర పాలపిట్ట సైక్లింగ్ పార్క్ ఉంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. చెట్ల నడుమ మలుపులు తిరిగే బాట, సైకిళ్లు అద్దెకిస్తారు. కొనేముందు పిల్లకు ఏ సైజు సరిపోతుందో అక్కడే చూసుకోవచ్చు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు ఇంకొకటి. నీడ ఉంది, కార్లు రావు. కానీ నున్నగా, తిన్నగా పోతుంది. అరగంటకే మా అమ్మాయి “ఇందులో రాళ్లేవి?” అంది. దూరం అలవాటు కావడానికి మాత్రం భేషైన చోటు.

*కుక్క వెంటపడితే?*

దిగండి. పారే కాళ్లనే అది తరుముతుంది. కుక్కకూ మనకూ మధ్య సైకిల్ అడ్డం పెట్టి నడవండి. పిల్ల మన వెనక ఉండాలి.

*చివరికి మౌంటెన్!*

సనత్‌నగర్ పక్కనే ఉన్న భరత్‌నగర్ రైలు పట్టాలు పట్టుకుని పడమరకు పోతే లింగంపల్లి, శంకర్‌పల్లి, ఆ తర్వాత వికారాబాద్. అక్కడే అనంతగిరి. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ దట్టమైన చెట్లు, ఎర్రమట్టి. మూసీ నది పుట్టేది అక్కడే. ఘాట్ వాలు కొత్తవాళ్లకు కాదు. రిజర్వు అడవిలోకి సైకిల్‌తో పోవాలంటే అటవీశాఖ వాళ్లను అడిగే పోవాలి. మేం పైన, గుడికి కాస్త దూరంలో, చదునుగా ఉన్న దారి మీద ఒక్క కిలోమీటరు తొక్కాం. తిరిగొచ్చి చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పాం.

“ఇదేనా మౌంటెన్?”

“ఇదే.”

మూసీ ఇక్కడే పుట్టి, మనం చూసిన గండిపేటకు పోయి, అక్కడి నుంచి ఊళ్లోకొస్తుందని చెప్పాను. వేళ్లు నాక్కుంటూ కాసేపు ఆలోచించింది.

“నీళ్లు ఇక్కడి నుంచి గండిపేటకు వాటంతటవే పోతాయా?”

“పోతాయి.”

“అయితే దారంతా డౌనే కదా నాన్నా! రైలెందుకు, ఇంటికి సైకిల్ మీదే పోదాం.”

యాభై కిలోమీటర్లకు పైనే. హెల్మెట్ అప్పటికే పెట్టేసుకుంది.