భివండీలో అర్జీ రాయాలంటే: అపోహలు – వాస్తవాలు

భివండీ పద్మనగర్‌లో సాంచాల (మరమగ్గాల) పని కోసం తెలంగాణ నుంచి వచ్చి, తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. మరాఠీ రాయలేమన్న భయంతో అర్జీ అనగానే ఇంకొకరి గుమ్మం తొక్కుతారు. ఆ భయం చుట్టూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: నాలుగు పేజీలు రాస్తేనే అధికారి పట్టించుకుంటాడు.

వాస్తవం: మహారాష్ట్ర 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సమాచార హక్కు దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల్లోపు ఉండాలి. మిగతా అర్జీలకూ ఇదే కొలత పెట్టుకోమంటాను. కరెంటు బిల్లు తప్పొచ్చిందనుకోండి. కష్టాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. “నా వినియోగదారు సంఖ్య ఇది. మార్చి బిల్లులో వేసిన రీడింగు మీటరులో లేదు. మీటరు ఫొటో, పాత బిల్లు జతచేశాను. పరీక్షించి బిల్లు సవరించగలరు” అంటే చాలు. చదివే గుమాస్తాకు ఏం చేయాలో మొదటి నాలుగు వరుసల్లోనే తెలియాలి. 2007 నుంచి ఇక్కడ కరెంటు పంపిణీ టోరెంట్ పవర్‌ది కాబట్టి ఆ అర్జీ మున్సిపాలిటీకి పెడితే రోజులు వృథా.

అపోహ: సమాచారం ఎందుకు కావాలో చెప్పి బతిమాలాలి.

వాస్తవం: 2005 సమాచార హక్కు చట్టం 6(2) సెక్షన్ ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు. రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సహాయపడడం సమాచార అధికారి బాధ్యత.

అపోహ: తెలుగులో రాస్తే చెత్తబుట్టే.

వాస్తవం: దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు విన్నవించుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఇంగ్లీషు, హిందీ లేదా ఇక్కడి అధికార భాష మరాఠీలోనే పెట్టాలి. పని త్వరగా కావాలంటే మిగతా అర్జీలకూ మరాఠీ ప్రతి జతచేయండి. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో అది పెద్ద కష్టం కాదు.

అపోహ: అన్ని ఉత్తరాలూ ఒకే తీరు.

వాస్తవం: సేటుకు కూలి గురించి రాస్తే ఏ వారం ఎన్ని మీటర్లు నేశారు, ఒప్పుకున్న రేటు ఎంత, తీసుకున్న బాకీ ఎంత అన్నవే కావాలి. ఊళ్లో అమ్మకు రాసేటప్పుడు ఈ పొదుపు వద్దు. ఏం తిన్నారో, రాత్రిపాళీలో నిద్ర ఎలా ఆపుకుంటున్నారో అన్నీ రాయండి.

ఆఫీసులో అర్జీ ఇచ్చాక మీ కాపీ మీద ఆవక్ (అందినట్టు) ముద్ర, తేదీ వేయించుకోనిదే బయటికి రాకండి. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల గడువు దాటిందని అప్పీలు చేయాలంటే ఆ తేదీయే ఆధారం.