జాతీయ రహదారిపై ఊరి పోలీసు

పండుగకు పుట్టినింటికి పయనమగు మన సోదరీమణులలో ననేకులకు 65వ సంఖ్య జాతీయ రహదారి సుపరిచితము. పుణె నగరమున మొదలై, హైదరాబాదు, విజయవాడల మీదుగా నది మచిలీపట్టణము చేరును. ఇట్టి బాటపై బోవుచుండగా నొక యూరి పొలిమేరలో పోలీసు ఉద్యోగి చేయెత్తి కారు నాపెననుకొందము. వెంటనే కారులోని పెద్దమనిషి, "ఇది కేంద్రప్రభుత్వపు రోడ్డు గదా! టోలు రుసుము చెల్లించియే వచ్చితిమి. ఈ యూరి పోలీసునకు మమ్ము నాపుట కేమి యధికారము?" అని వాదమునకు దిగును. పిల్లలు బెదరుదురు. ఇల్లాలికి పాలుపోదు. నేడు స్త్రీలు స్వయముగ కార్లు నడుపుచు దూరప్రయాణములు సేయుచున్నారు. కావున నీ ప్రశ్నకు సమాధానము మన మెరిగియుండుట యవసరము.

మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు అధికారములను మూడు పట్టికలుగ పంచియిచ్చినది. జాతీయ రహదారులు కేంద్ర పట్టికలో 23వ అంశము. పోలీసు శాఖ రాష్ట్ర పట్టికలో 2వ అంశము. మోటారు వాహనములు ఉమ్మడి పట్టికలో 35వ అంశము. అనగా బాట కేంద్రమునదే యైనను, దానిపై శాంతిభద్రతలను గాపాడువారు రాష్ట్రపు పోలీసువారు. రహదారి వచ్చినంతమాత్రమున ఊరి ఠాణా సరిహద్దు చెరిగిపోదు. టోలు రుసుము బాటను వాడుకొన్నందులకు చెల్లించునదే గాని, చట్టమునుండి మినహాయింపు గాదు. తెలంగాణము దాటి ఆంధ్రప్రదేశమున నడుగిడినంతనే ఆపు పోలీసువారు మారుదురు గాని, మోటారు వాహనముల చట్టము మారదు.

ఆ చట్టము 1988వ సంవత్సరమున చేయబడినది. దాని 130వ సెక్షను ననుసరించి, యూనిఫారము ధరించిన పోలీసు ఉద్యోగి యెవరడిగినను, బండి నడుపువారు లైసెన్సు చూపవలయును. ఇందుకు సబ్ ఇన్‌స్పెక్టరే కావలెనను నియమము లేదు. రాకపోకలను క్రమపరచుచున్న పోలీసు సైగను పాటింపవలెనని 119వ సెక్షను చెప్పుచున్నది. లైసెన్సును, రిజిస్ట్రేషను పత్రమును ప్రభుత్వపు డిజీలాకరు ద్వారా ఫోనులో చూపినను చెల్లునని 2018లో నియమములను సవరించిరి.

ఈ యధికారము వట్టి పెత్తనము గాదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మృతినొందిరి. వారిలో 61,038 మంది ప్రాణములు గోల్పోయినది జాతీయ రహదారులపైననే. దేశమునందలి రోడ్ల మొత్తపు నిడివిలో నీ రహదారులు నూటికి సుమారు రెండు పాళ్లు మాత్రమే! మితిమీరిన వేగమును, మద్యపానమును సకాలమున నరికట్టినచో నెన్ని యిండ్లలో దీపములు నిలిచియుండెడివో యోచింపుడు.

అయినను చట్టము పోలీసువారికి అధికారముతోపాటు హద్దులను గూడ నేర్పరచినది. అపరాధ రుసుము వసూలు చేసి కేసును అక్కడికక్కడ ముగించు నధికారము పోలీసు లందరికిని లేదు. 200వ సెక్షను క్రింద రాష్ట్రప్రభుత్వము పేర్కొనిన ఉద్యోగులకే కలదు. సొమ్ము చెల్లించినచో రసీదు గైకొనుడు. తప్పు చేయలేదని నమ్మినవారు న్యాయస్థానమున వాదించుకొనవచ్చును. కేసు పెట్టి, న్యాయస్థానమునకు బంపుటకై లైసెన్సు తీసికొన్న ఉద్యోగి దానికి తాత్కాలికపు రసీదు నీయవలయును. లైసెన్సు తిరిగివచ్చువరకు ఆ రసీదుతోనే బండి నడుపవచ్చును. త్రాగి నడిపినట్లు నేరము మోపి నిర్బంధించినవారిని రెండు గంటలలోపల వైద్యపరీక్షకు గురిచేయవలెను, లేనిచో విడిచిపెట్టవలెను.

స్త్రీల విషయమున మరికొంత రక్షణ గలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయమువరకు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితులలో మాత్రము స్త్రీ పోలీసు ఉద్యోగి లిఖితపూర్వకముగ మేజిస్ట్రేటునకు నివేదించి, ముందుగా ననుమతి పొందవలెను. స్త్రీ శరీరమును సోదా చేయవలసివచ్చినచో మర్యాదకు భంగము రాకుండ స్త్రీయే చేయవలెను. అయితే ఇది అరెస్టునకు, సోదాకు సంబంధించిన రక్షణయే గాని, రాత్రివేళ బండి నాపరాదను నర్థము గాదు. ఆపుట వేరు, అరెస్టు వేరు. ఈ భేదము తెలియకపోవుటచేతనే కొందరు అకారణముగ భయపడుచున్నారు. మరికొందరు అకారణముగ కలహించుచున్నారు. నిర్జన ప్రదేశమున ఆపినవారు నిజముగ పోలీసువారేనా యను సందేహము గలిగినచో, 112 సంఖ్యకు ఫోను చేసి, మీరున్న తావు తెలిపి సహాయము కోరవచ్చును.

ప్రయాణమునకు పచ్చళ్లు, పిండివంటలు మూటగట్టునపుడే లైసెన్సు, రిజిస్ట్రేషను, భీమా పత్రములు గూడ సరిచూచుకొనుడు. పోలీసు చేయెత్తినపుడు కారును ప్రక్కకు దీసి నిలుపుడు. అడిగిన పత్రములు చూపుడు. అడుగవలసిన రసీదు మీరును అడుగుడు. వెనుక కూర్చున్న పిల్లలు ఈ రెండింటిని చూచి నేర్చుకొందురు. చట్టమునకు విధేయత యెంత ముఖ్యమో, చట్టము మన కిచ్చిన హక్కును వినయముతో కోరుటయు నంతే ముఖ్యమని వారి కింతకంటె సులభముగ బోధించు మార్గము వేరొకటి లేదు.